స్పార్క్ ప్లగ్గుల మార్పు: గ్యాపు దగ్గర ఒక జాగ్రత్త, బిగింపు దగ్గర పది

పెట్రోలు కారులో స్పార్క్ ప్లగ్గు ఉన్నట్టుండి చావదు, అరుగుతుంది. రవ్వ దూకిన ప్రతిసారీ నడిమి కడ్డీ కొస నుంచి, దాని మీదికి వంగి ఉండే కొక్కెం నుంచి కంటికి కనపడనంత లోహం ఎగిరిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒక రవ్వ. అంటే ఒక్కో ప్లగ్గు నిమిషానికి 1,200 సార్లు వెలుగుతుంది. అలా 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి 4 కోట్ల 80 లక్షల రవ్వలు దాటిపోతాయి. కొత్తలో పదునుగా ఉన్న అంచులు అప్పటికి గుండ్రబడతాయి, కడ్డీకీ కొక్కేనికీ మధ్య ఖాళీ, అంటే గ్యాపు, పెరుగుతుంది.

రవ్వకు పదునైన అంచు మీంచి దూకడం తేలిక, మొద్దు కొస మీంచి కష్టం. మామూలుగా పది, పదిహేను వేల వోల్టులతో పని జరిగిపోయే చోట అరిగిన ప్లగ్గు అంతకన్నా చాలా ఎక్కువ అడుగుతుంది. ప్లగ్గుకు ఆ వోల్టేజీ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ ఆ అదనాన్ని కొన్నాళ్లు కిక్కురుమనకుండా ఇస్తుంది. అందుకే కారు నడుస్తూనే ఉంటుంది, మనకేమీ తెలియదు. తర్వాత ఎత్తు రోడ్డు మీద, ఏసీ వేసి నలుగురెక్కినప్పుడు, మూడో గేరులో తొక్కితే ఒక చిన్న కుదుపు వస్తుంది. మెకానిక్కులు 'మిస్సింగ్' అనేది దీన్నే. అప్పటికీ పట్టించుకోకపోతే రవ్వ గ్యాపులో దూకలేక, తేలికైన దారి వెతుక్కుని ప్లగ్గు తలకు తొడిగే రబ్బరు బూటును చీల్చుకుని బయటికి పోతుంది. కాయిల్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది. మండకుండా బయటపడ్డ పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కాల్చేస్తుంది. మూడు నికెల్ ప్లగ్గుల ఖరీదు ఒక్క కాయిల్ ఖరీదు కన్నా చాలా తక్కువ, కన్వర్టర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్లగ్గులు బాగున్నట్టు అనిపిస్తున్నప్పుడే మార్చాలనడానికి కారణం ఇదే.

డీజిల్ కారున్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులుండవు. ఉండేవి గ్లో ప్లగ్గులు, వాటి పని వేరు.

ఎప్పుడు మార్చాలి

మామూలు నికెల్ ప్లగ్గులకు 30,000 నుంచి 40,000 కిలోమీటర్లు, ఇరీడియం లేదా ప్లాటినం కొసలున్నవాటికి 80,000 నుంచి లక్ష దాకా. ఇది ఉజ్జాయింపు. కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే లెక్క. కారు ఎక్కువగా తిరగకపోతే కాలం కూడా చూడాలి. నాలుగైదేళ్లు కదలకుండా ఉన్న ప్లగ్గు హెడ్డులోనే (ప్లగ్గులు దిగే ఇంజిన్ పైభాగం) పట్టేసి, తర్వాత విప్పేటప్పుడు ఏడిపిస్తుంది.

సీఎన్‌జీ మీద నడిచే కారైతే ఈ అంకెలను తగ్గించుకోవాలి. గ్యాసును అంటించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి కొసలు తొందరగా అరుగుతాయి. పెట్రోలు మీద బాగా నడుస్తూ గ్యాసు మీదికి మార్చగానే మిస్సింగ్ కొడితే ముందు అనుమానించాల్సింది ప్లగ్గులనే. హైదరాబాద్, విజయవాడల్లో క్యాబులు నడిపేవాళ్లు రోజంతా గ్యాసు మీదే తిరుగుతారు. వాళ్లు సగం దూరానికే విప్పి చూసుకోవడం మంచిది. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కారుకు మాన్యువల్‌లో వేరే ప్లగ్గు, వేరే గ్యాపు రాసి ఉంటే దాన్నే పాటించాలి. బయట కిట్టు వేయించినవాళ్లు సాధారణంగా గ్యాపును 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లకు తగ్గిస్తారు.

ఏ ప్లగ్గు కొనాలి

పాత ప్లగ్గు తీసుకెళ్లి 'ఇలాంటిది ఇవ్వండి' అనడం కన్నా దాని మీది కోడు చదవడం నేర్చుకోవడం మేలు. ఇదివరకు ఎవరో తప్పు ప్లగ్గు వేసి ఉంటే ఆ తప్పే మళ్లీ కొనుక్కొస్తాం. ఉదాహరణకు ఎన్‌జీకే కంపెనీ వారి బీకేఆర్6ఇ-11 తీసుకోండి. బీకే అంటే 14 మిల్లీమీటర్ల మర, 16 మిల్లీమీటర్ల పానా. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. 6 వేడి సంఖ్య. ఇ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే గ్యాపు 1.1 మిల్లీమీటర్లు.

ఇందులో ఒక్క అక్షరం మారినా సంగతి మారిపోతుంది. మర పొడవెక్కువైతే ప్లగ్గు కొస పిస్టన్‌కు తగలొచ్చు. తక్కువైతే హెడ్డులో ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడి, తర్వాత సరైన ప్లగ్గు ఎక్కకుండా చేస్తుంది. రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే రేడియోలో గరగర ఒక్కటే కాదు, ఇంజిన్ కంప్యూటర్ కూడా తికమకపడుతుంది.

వేడి సంఖ్య దగ్గర పొరపాటు పడనివాళ్లు తక్కువ. ప్లగ్గు కొస సుమారు 450 డిగ్రీలు దాటితేనే తన మీది మసిని తానే కాల్చుకుంటుంది. 850 డిగ్రీలు దాటితే రవ్వ రాకముందే ఆ ఎర్రటి కొసే పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అంటించేస్తుంది. ఈ రెంటి మధ్య ఉంచేదే వేడి సంఖ్య. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో సంఖ్య పెరిగితే ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ ప్లగ్గుల్లో సంఖ్య పెరిగితే వేడిది. ఎన్‌జీకే 6కు డెన్సో 20 దాదాపు సరిసాటి. అందుకని బ్రాండు మార్చేటప్పుడు అంకెను అంకెతో పోల్చకూడదు, కంపెనీ పట్టిక చూసి తీసుకోవాలి. 'చల్లటి ప్లగ్గు వేస్తే ఇంజిన్‌కు మంచిది' అన్న మాట పందాల బళ్లకు చెల్లుతుంది. ఊళ్లో రెండు మూడు కిలోమీటర్ల దూరానికి తిరిగే కారులో అలాంటిది మసి పట్టి చస్తుంది.

నికెల్ ప్లగ్గుల కోసం తయారైన ఇంజిన్‌కు ఇరీడియం వేస్తే పికప్ పెరుగుతుందని చెప్పి అమ్ముతారు. పెరగదు. ఎక్కువ కాలం మన్నుతుంది, అంతవరకే. ఇరీడియంతో వచ్చిన కారుకు మాత్రం డబ్బు మిగుల్చుకుందామని నికెల్ వేయకూడదు. ప్లగ్గుల దాకా చేరడానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాల్సిన ఇంజిన్లలో ఆ పొదుపు రెట్టింపు కూలీ రూపంలో తిరిగొస్తుంది.

నకిలీలు బజారులో చాలా ఉన్నాయి. అసలు ప్లగ్గు మీద అచ్చు స్పష్టంగా ఉంటుంది, గోటితో గీకితే ఊడదు. వాషర్ మర మీద వదులుగా తిరిగినా జారి పడిపోదు. నడిమి కడ్డీ పింగాణీకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే పై కొసకూ నడిమి కడ్డీకీ మధ్య కొలవండి. రెసిస్టర్ ప్లగ్గు సుమారు 5 కిలో ఓమ్‌లు చూపించాలి. సున్నా చూపించినా, అసలేమీ చూపించకపోయినా పక్కన పెట్టేయండి.

ఎన్ని కావాలి? సిలిండర్లెన్నో అన్ని. ఆల్టో కె10, వ్యాగన్ ఆర్ ఒక లీటరు ఇంజిన్లకు మూడు, స్విఫ్ట్, బలేనోల 1.2 లీటర్ల కె-సిరీస్ ఇంజిన్లకు నాలుగు. కొన్నిటికి సిలిండర్‌కు రెండుంటాయి. పాత హోండా సిటీ ఐ-డీఎస్ఐకి ఏకంగా ఎనిమిది. ఎన్నున్నా అన్నీ ఒకేసారి మార్చాలి.

పనిముట్లు

ప్లగ్గు సాకెట్ 16 మిల్లీమీటర్లది చాలా కార్లకు సరిపోతుంది. సన్న ప్లగ్గులున్న కొత్త ఇంజిన్లకు 14, పాత వాటికి 21 కావాలి. సాకెట్ లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉండాలి, లేకపోతే విప్పిన ప్లగ్గు గుంట అడుగునే ఉండిపోతుంది. కాయిల్ బోల్టుకు 10 మిల్లీమీటర్ల సాకెట్, 15 నుంచి 25 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ కడ్డీ, ర్యాచెట్, గ్యాపు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజి, కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు). ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ ఉంటే 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య చూపించేది కావాలి. చక్రాల బోల్టులకు వాడే పెద్ద రెంచ్ ఇంత తక్కువ బిగింపు దగ్గర నమ్మదగ్గది కాదు.

సాకెట్‌కూ ఎక్స్‌టెన్షన్‌కూ మధ్య అతుకు మీద ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. చేసేది చిన్న పనే. రబ్బరు పట్టు గట్టిగా ఉన్న సాకెట్ ప్లగ్గును పట్టుకుని లోపలే ఉండిపోయి, ఉత్త కడ్డీ మాత్రం చేతికొచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన కారును పొద్దున్నే విప్పడం అన్నిటికన్నా మంచిది. హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. వేడి మీద విప్పితే మెత్తబడ్డ అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటు ఊడొస్తాయి. తాళం తీసేయండి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. పైన ప్లాస్టిక్ మూత ఉంటే పైకి లాగితే వచ్చేస్తుంది. గాలి గొట్టం అడ్డొస్తే క్లిప్పులు వదులు చేసి పక్కకు తీయండి, తెరిచిన నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి.

ఒక సిలిండర్ పని పూర్తయ్యాకే రెండోదాని జోలికి వెళ్లండి. పాత మారుతీ కార్లలా ప్లగ్ వైర్లున్న ఇంజిన్ అయితే ఇది తప్పనిసరి. వైర్లు తారుమారైతే ఇంజిన్ స్టార్ట్ కాదు, లేదా దడదడలాడుతూ వెనక్కి కొడుతుంది. వైరును పట్టుకుని లాగకండి, బూటును పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పి లాగండి.

ప్లగ్గు మీదే కాయిల్ ఉన్నవాటిలో ముందు తీగ కనెక్టర్ ఊడదీయాలి. దాని చిన్న ప్లాస్టిక్ నాలుక ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే విరుగుతుంది. కనెక్టర్‌ను ఒకసారి లోపలికి నొక్కి, నాలుకను వేలితో ఒత్తి, అప్పుడు లాగాలి. తర్వాత 10 మిల్లీమీటర్ల బోల్టు విప్పి, కాయిల్‌ను కొద్దిగా మెలితిప్పి నిలువుగా పైకి తీయండి.

ఇప్పుడు టార్చి వేసి గుంటలోకి చూడండి. దుమ్ము, ఇసుక, ఎండుటాకు ముక్కలు కనిపిస్తే గాలి కొట్టి బయటికి పంపాలి, కళ్లకు అద్దాలు పెట్టుకుని. కంప్రెసర్ లేకపోతే సైకిల్ పంపు చాలు. ప్లగ్గును అర చుట్టు వదులు చేసి మరోసారి గాలి కొట్టండి. ప్లగ్గు చుట్టూ పట్టేసిన మట్టి అప్పుడే ఊడుతుంది, ఊడింది సిలిండర్‌లో పడకుండా బయటికి పోతుంది. గుంటలో నూనె ఉంటే వాల్వ్ కవర్‌లోని ట్యూబు సీలు పోయినట్టు. సన్న కడ్డీకి గుడ్డ చుట్టి నూనె పీల్చాకే ప్లగ్గు తీయండి. సీలు మార్పించకపోతే ఆ నూనె కొత్త బూటును కూడా నాననిచ్చి పాడుచేస్తుంది.

సాకెట్ నిటారుగా దిగాలి. వాలుగా పెట్టి బలం వాడితే పింగాణీ పగులుతుంది. ప్లగ్గు కదలనంటే మొండికేయకండి. పావు చుట్టు వదిలి, తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, ఇరవై నిమిషాలాగి, కొంచెం బిగించి మళ్లీ వదలండి. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి. ఇంపాక్ట్ గన్ వాడకూడదు. చప్పుడుతో నాలుగు సెకన్లలో వచ్చేస్తుంది నిజమే, మరలు కూడా వచ్చేస్తాయి.

పాత ప్లగ్గు ఏం చెబుతోంది

విప్పిన ప్లగ్గులను ఏ సిలిండర్‌ది ఎక్కడో గుర్తుండేలా వరసగా పెట్టండి. పింగాణీ కొస లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్లమసి అన్నిటిమీదా ఉంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతోంది. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. కారు రోజూ చిన్న దూరాలకే తిరుగుతున్నా ఇలాగే ఉంటుంది, అది రోగం కాదు. తడి జిగురు నలుపు అయితే నూనె లోపలికి వస్తోంది: వాల్వ్ సీళ్లో, రింగులో. ఒక్క ప్లగ్గు మాత్రమే మిగతావాటికి భిన్నంగా ఉంటే ఆ సిలిండర్‌లోనే ఏదో తేడా ఉంది. అందుకే వరస తప్పకూడదు.

తెల్లగా సున్నం కొట్టినట్టున్న పింగాణీ, దాని మీద మెరిసే చిన్న లోహపు చుక్కలు, కరిగినట్టున్న కొస కనిపిస్తే కొత్త ప్లగ్గులు వేసి ఊరుకోకండి. అది విపరీతమైన వేడికి గుర్తు. మిశ్రమంలో గాలి ఎక్కువైనా, వేడి సంఖ్య తప్పినా, చివరికి ప్లగ్గు వదులుగా ఉన్నా ఇలా జరుగుతుంది. ప్లగ్గు తన వేడిని మరల ద్వారా, వాషర్ ద్వారా హెడ్డుకు ఇచ్చుకుంటుంది. ఆ రెండూ సరిగా ఆనకపోతే వేడి పోవడానికి దారి ఉండదు.

పింగాణీ బయటి భాగంలో, లోహపు షడ్భుజికి ఆనుకుని గోధుమ రంగు చార కట్టి ఉంటుంది. గ్యాసు లీకవుతోందని చాలామంది కంగారుపడతారు. అధిక వోల్టేజీ వల్ల గాలిలోని నూనె తుంపరలు అక్కడ అంటుకుంటాయి, అంతే. ప్రమాదకరమైనది వేరేది: పింగాణీ మీద నిలువుగా పెన్సిల్ గీత లాంటి సన్నని నల్ల చార. రవ్వ లోపల దూకకుండా బయటి నుంచి జారిపోయిన దారి అది. దానికి ఎదురుగా బూటు లోపల కూడా అలాంటి గీతే ఉంటుంది. ప్లగ్గు మార్చి బూటు అలాగే వదిలితే రవ్వ మళ్లీ ఆ దారే పడుతుంది.

ఎమరీ పేపర్‌తో రుద్ది, వైర్ బ్రష్ కొట్టి మళ్లీ వేయడం పాత అలవాటు. ఆ బ్రష్ పింగాణీ మీద లోహపు గీతలు వదులుతుంది, వాటి మీదుగా కరెంటు జారుతుంది. మార్చే దూరం వచ్చిన ప్లగ్గును తుడిచి వాడటంలో అర్థం లేదు. గుండ్రబడిన అంచు తుడిస్తే పదునెక్కదు.

గ్యాపు

పెట్టెలోంచి తీసిన ప్లగ్గు గ్యాపు సాధారణంగా సరిగ్గానే ఉంటుంది. అయినా కొలవాలి. దారిలో ఎక్కడో పెట్టె కిందపడి ఉంటే కొక్కెం వంగిపోయి ఉండొచ్చు. మాన్యువల్ 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు అంటే, ఫీలర్ గేజిలో 1.0 ఆకు కొద్దిగా రాసుకుంటూ దూరాలి, 1.1 ఆకు బిగువుగా దూరితే సరే, 1.15 దూరకూడదు. ఆకును వాలుగా తోస్తే గ్యాపు ఎక్కువున్నా తక్కువున్నట్టు అనిపిస్తుంది. నిటారుగా, సమంగా పట్టుకోవాలి. అరిగిన ప్లగ్గును కొలిచేటప్పుడు తీగ గేజి మేలు. కొక్కెం లోపల గుంట పడి ఉంటుంది, బల్లపరుపు ఆకు దాన్ని పట్టుకోలేదు.

మన మెకానిక్ షెడ్లలో హాక్సా బ్లేడు ముక్కే గేజి. నవ్వాల్సిన పని లేదు, దాని మందం దాదాపు 0.65 మిల్లీమీటర్లు. అంబాసిడర్ల కాలానికి, చాలా మోటారు సైకిళ్లకు అది చక్కగా సరిపోయే కొలత. ఇప్పటి కారులో 1.0 కావాల్సిన చోట ఆ బ్లేడు పెట్టి కొక్కెం నొక్కితే రవ్వ చిన్నదైపోతుంది, ఐడిలింగ్‌లో ఇంజిన్ వణుకుతుంది. అలవాటు పాతది, కొలత మారింది.

సరిచేయాల్సి వస్తే వంచాల్సింది కొక్కేన్ని మాత్రమే. పెంచాలంటే గేజికి ఉండే చిన్న గాడిలో కొక్కెం కొస దూర్చి పైకి లేపండి. తగ్గించాలంటే ప్లగ్గును తలకిందులుగా పట్టుకుని కొక్కెం వీపును చెక్క మీద మెల్లగా తట్టండి, తట్టిన ప్రతిసారీ కొలవండి. నడిమి కడ్డీని ఆనుకుని మీటకూడదు. చుట్టూ ఉన్న పింగాణీ కొసకు సన్న పగులు పడుతుంది, అది కంటికి కనపడదు, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మిస్సింగ్ రూపంలో కనపడుతుంది. సరిచేశాక పక్క నుంచి చూడండి. కొక్కెం లోపలి ముఖం కడ్డీ కొస ముఖానికి సమాంతరంగా, సరిగ్గా నడినెత్తి మీద ఉండాలి. 0.2 మిల్లీమీటర్లకు మించి మార్చాల్సి వస్తే అది మీ ఇంజిన్ ప్లగ్గు కాదని అర్థం, సరైనది తెచ్చుకోండి. అటూ ఇటూ పదిసార్లు వంచిన కొక్కెం అలసిపోయి, ఇంజిన్ నడుస్తుండగా విరిగి సిలిండర్‌లో పడొచ్చు.

ఇరీడియం ప్లగ్గులకు ఇంకో నియమం. వాటి నడిమి కొస అరమిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉన్న సూది. గట్టిదే, కానీ పెళుసు. నాణెం ఆకారంలో, అంచు మందం పెరుగుతూ పోయే చవక గేజి ఉంటుంది కదా, దాన్ని గ్యాపులో పెట్టి తిప్పితే ఆ సూది ఎగిరిపోతుంది. తీగ గేజిని తగలీ తగలకుండా పెట్టి కొలవండి. తేడా ఉంటే దుకాణంలో మార్చుకోవడమే తెలివైన పని.

టర్బో ఉన్న ఇంజిన్లకు గ్యాపు తక్కువ, సాధారణంగా 0.7, 0.8 దగ్గర ఉంటుంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ అదే దూరాన్ని దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అక్కడ 1.1 పెడితే మామూలుగా నడిచి, టర్బో ఊపందుకోగానే మిస్ అవుతుంది.

కొలిచేటప్పుడు ప్లగ్గు చేయి జారి నేల మీద పడితే? పారేయండి. పగులు లోపల ఉంటుంది.

బిగించడం

ఈ పని మొత్తంలో నిజంగా భయపడాల్సింది ఇక్కడే. గ్యాపు కొంచెం తప్పితే మళ్లీ విప్పి సరిచేయొచ్చు. మరలు పోతే హెడ్డు దింపి లేత్ షాపుకు తీసుకెళ్లి హెలికాయిల్ (పోయిన మరల చోట కూర్చోబెట్టే తీగచుట్ట) వేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఆ పని బాగా చేసేవాళ్లు ఉన్నారు. అయినా పావుగంట పని వారం రోజులవుతుంది.

కొత్త ప్లగ్గు మరలకు గ్రీజు, నూనె, రాగి పేస్టు ఏవీ పూయకండి. ఇప్పటి ప్లగ్గుల మరల మీద తుప్పు పట్టని పూత ముందే ఉంటుంది. పైగా పేస్టు పూస్తే మరలు జారుడవుతాయి. రెంచ్ సరైన అంకె దగ్గరే ఆగినా ప్లగ్గు అంతకన్నా ఎక్కువ బిగుసుకుని ఉంటుంది.

ప్లగ్గును గుంటలోకి వదిలేయకండి, అడుగున తగిలి గ్యాపు మూసుకుపోతుంది. సాకెట్‌లో పెట్టి, ఎక్స్‌టెన్షన్ కడ్డీతో మెల్లగా దించండి. ర్యాచెట్ ఇంకా తగిలించకూడదు. ముందు కడ్డీని వేళ్లతో ఎడమ వైపు, అంటే విప్పే దిక్కుకు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట మర మర మీదికి దిగి 'టిక్' మన్నట్టు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడి వైపు తిప్పండి. నాలుగైదు చుట్లు వేళ్ల బలంతోనే సాఫీగా ఎక్కాలి. ఒకటిన్నర చుట్టుకే బిగువు తగిలితే మర అడ్డంగా ఎక్కుతోంది. వెనక్కి విప్పి మళ్లీ మొదలుపెట్టండి. 'ఇంకొంచెం బలం పెడితే ఎక్కేస్తుంది' అనిపించే ఆ క్షణంలోనే హెడ్లు పాడవుతాయి. చోటు ఇరుకైతే ప్లగ్గు తలకు పెట్రోలు రబ్బరు గొట్టం ముక్క తొడిగి తిప్పడం మంచి ఉపాయం. మర తప్పుగా ఎక్కితే గొట్టమే జారిపోతుంది, మరలు బతుకుతాయి.

వేళ్లతో పూర్తిగా దిగాక ఆఖరి బిగింపు. అల్యూమినియం హెడ్డులో వాషర్ ఉన్న ప్లగ్గుకు 14 మిల్లీమీటర్ల మర అయితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల మర అయితే 15 నుంచి 20. కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే. టార్క్ రెంచ్ లేకపోతే చుట్టు లెక్క: కొత్త వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గును వేళ్లతో ఆనాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతులు, 12 మిల్లీమీటర్ల దాన్ని అర చుట్టు. తిప్పుతుంటే వాషర్ నలుగుతున్నట్టు మెత్తగా తెలిసి, తర్వాత గట్టిపడుతుంది. అదే ప్లగ్గును విప్పి మళ్లీ వేస్తుంటే వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు, అంటే గడియారంలో ఒక గంట దూరం. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే ప్లగ్గుకు అంతకన్నా తక్కువ, పదహారో వంతు.

ఎక్కువ బిగిస్తే ప్లగ్గు లోహపు ఒళ్లు సాగి పింగాణీతో అతుకు వదులవుతుంది, మర తెగుతుంది. తక్కువ బిగిస్తే మండే గ్యాసు పక్క నుంచి లీకై ఇంజిన్ చిటపటమంటుంది, ఇందాక చెప్పినట్టు వేడి పోక ప్లగ్గు కొస కరుగుతుంది. రెండిట్లో ఏది తక్కువ చెడ్డదని అడగకండి.

తర్వాత బూటు నోటి లోపలి అంచుకు అగ్గిపుల్ల తలంత డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. లోపల లోహం తగిలే చోట అక్కర్లేదు. ఇది బూటు ప్లగ్గుకు అతుక్కుపోకుండా, తేమ దూరకుండా చూస్తుంది. కాయిల్‌ను నిలువుగా దించి, ప్లగ్గు తల మీద కూర్చున్నట్టు తెలిసేదాకా నొక్కండి. దాని బోల్టు దిగేది పలచటి అల్యూమినియంలోకి, 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోవాలి. కనెక్టర్ 'క్లిక్' మనాలి. మనకపోతే మళ్లీ లాగి పెట్టండి.

స్టార్ట్ చేశాక

బ్యాటరీ విప్పి ఉంటే మొదటి రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్ కాస్త అటూ ఇటూ అవుతుంది, అది సర్దుకుంటుంది. సర్దుకోకుండా ఇంజిన్ కుదుపుతోంటే, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటోంటే వెంటనే ఆపేయండి. లైటు అలా కొట్టుకోవడం అంటే మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతోందని. నూటికి తొంభైసార్లు కారణం చిన్నదే: ఒక కాయిల్ కనెక్టర్ సరిగా పడలేదు, లేదా బూటు పూర్తిగా దిగలేదు.

అవి సరిగ్గా ఉన్నా మిస్సింగ్ పోకపోతే ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న తప్పు కోడు చదవండి. ఆ కోడు చదివే, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ పరికరం చాలు. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, పీ0300 అంటే ఒక్కదాంట్లో అని కాకుండా అక్కడక్కడా. ఒకటో సిలిండర్ మిస్ అవుతోందనుకుందాం. దాని కాయిల్‌ను రెండోదానిలో, రెండోదాన్ని ఒకటోదానిలో పెట్టి, కోడు చెరిపి, మళ్లీ నడపండి. కోడు పీ0302కు మారితే కాయిల్ పోయింది. పీ0301 దగ్గరే ఉంటే ఇప్పుడు ప్లగ్గులు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే తప్పు ఇంజెక్టర్‌దో, కంప్రెషన్‌దో, వైరింగ్‌దో. అప్పుడిక మెకానిక్ దగ్గరికే.

ఇరవై, ముప్పై కిలోమీటర్లు నడిపాక, ఇంజిన్ చల్లారనిచ్చి, బానెట్టు ఎత్తి కాయిల్ బోల్టులు, గాలి గొట్టం క్లిప్పులు ఒకసారి చేత్తో చూడండి. ప్లగ్గులను మాత్రం 'ఇంకొంచెం' అని మళ్లీ బిగించకండి. మార్చిన తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, ప్లగ్గు కోడు, పెట్టిన గ్యాపు ఒక టేపు ముక్క మీద రాసి బానెట్టు లోపలి వైపు అంటించండి.